అభిమానధనుల క్రీడ

నీలనైలు, శ్వేతనైలు అను రెండు మహానదులు సంగమించు ఖార్టూమ్ నగరమున 1957 ఫిబ్రవరి మాసమందు ఆఫ్రికా జాతీయ జట్ల ఫుట్‌బాల్ పోటీ ప్రప్రథమముగా జరిగినపుడు, అందు పాల్గొన్న జట్లు మూడు, ఆడిన ఆటలు రెండు. ఖండమున అధికభాగ మప్పటికి పరపాలనమునందే యుండెను; ఆతిథ్యమిచ్చిన సూడాను స్వతంత్రమై ఏడాదికి మించి నెల మాత్రమే గడచెను, ఘానా స్వాతంత్ర్యమునకు ఇంకను కొన్ని వారముల గడువుండెను. నేడు 24 జట్లతో, 52 ఆటలతో దాదాపు నెల దినములు సాగు ఈ మహోత్సవము అంత స్వల్పముగా నారంభమగుటకు ఆ పరాధీనత యొక కారణమే. కాని నాలుగవ జట్టు ఆ పోటీలో లేకపోవుటకు వేరొక కారణము కలదు; ఈ కప్పునకు గల గౌరవమంతయు దానినుండియే పుట్టినదని నా దృఢవిశ్వాసము.

ఈజిప్టు, సూడాను, ఇథియోపియా, దక్షిణాఫ్రికా దేశముల ప్రతినిధులు కలసి ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్యకు పునాది వేసిరి. తొలి పోటీలో దక్షిణాఫ్రికా ఇథియోపియాతో తలపడవలసియుండెను. అయితే వర్ణవివక్షనే రాజ్యధర్మముగా చేసికొనిన ఆ దేశమువారు, పంపినచో కేవలము తెల్లవారి జట్టునో, కేవలము నల్లవారి జట్టునో పంపుదుమేకాని, ఇరువురు కలసిన జట్టును మాత్రము పంపజాలమని పట్టుపట్టగా, తక్కిన మూడు దేశములును అట్టి జట్టు తమకు వలదని త్రోసిపుచ్చినవి. ఇథియోపియా బంతిని తాకకయే ఫైనలు చేరెను. సూడానును 2-1 తో గెలిచివచ్చిన ఈజిప్టు, ఫైనలులో ఇథియోపియాను 4-0 తో ఓడించెను. ఆ నాలుగు గోల్సును కొట్టినవా డొక్కడే, అద్-దిబా యను పేర ప్రసిద్ధుడైన మహమ్మద్ దియాబ్ అల్-అత్తార్. (1968 లో ఇదే పోటీ ఫైనలుకు రిఫరీగా నిలిచినవాడును అతడే; ఇట్టి భాగ్యము మరి యే క్రీడాకారునికి దక్కును?)

ఉన్న నలుగురిలో ఒకరిని వదలుకొనుట, అందును అప్పుడప్పుడే కన్నుతెరచుచున్న సంస్థకు, ఎంతటి సాహసమో పాఠకులు తలపోయవలెను. ప్రపంచ ఫుట్‌బాల్‌ను శాసించు ఫిఫా నాటికి ఈ విషయమున మౌనముగానే యుండెను. అది దక్షిణాఫ్రికాను 1961 లో సస్పెండు చేసి, 1963 లో ఆ నిషేధము నెత్తివేసి, మరుసటి యేట తిరిగి విధించి, తుదకు 1976 లో గాని వెలివేయలేదు. మహాసంస్థకు రెండు దశాబ్దములు పట్టిన ధర్మనిర్ణయమును మూడు పేదదేశములు తమ పోటీ పుట్టిననాడే చేసి చూపినవి.

1962 లో ఆడిస్ అబాబాయందు జరిగిన ఇదే పోటీ ఫైనలులో ఇథియోపియా అదనపు సమయమున ఈజిప్టును 4-2 తో జయించినపుడు, చక్రవర్తి హైలే సెలాసీ చేతినుండి కప్పు నందుకొనిన కెప్టెన్ లూచానో వస్సాలో, ఇటలీ సైనికుడైన తండ్రికిని, ఎరిత్రియా స్త్రీయైన తల్లికిని జన్మించినవాడు. అంతకు పాతికేండ్లకు పూర్వమే ముస్సోలినీ సేనలు ఇథియోపియాను ఆక్రమించి విషవాయువులతో దాని ప్రజలను హింసించియుండెను. దండెత్తి వచ్చిన జాతి నెత్తురు సగముగా గల బిడ్డను, ఆ దండయాత్రకు గురియైన దేశమే తన నాయకునిగా ముందు నిలుపుకొనినది. మేనిరంగును బట్టి జట్టును చీల్చవలెనను వాదమునకు ఇంతకన్న సూటియైన ప్రత్యుత్తరము నే నెరుగను.

ఇక 1966 నాటి ప్రపంచకప్పు విషయము. ఇంగ్లండులో జరుగనున్న ఆ పోటీలోని 16 స్థానములలో ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా మూడింటికిని కలిపి ఫిఫా ఒకే స్థానమును కేటాయించెను. ఆఫ్రికాలో నెగ్గిన జట్టైనను ఆసియా, ఓషియానియాల విజేతతో మరల పోరాడి గెలిచిననే ఇంగ్లండు చేరవలెను. ఘానా క్రీడాధిపతి ఒహెనె జాన్, ఇథియోపియాకు చెందిన యిద్నెకచ్యూ తెసెమా మున్నగువారు దీనిని తీవ్రముగా నిరసించిరి. ఫిఫా చలింపకపోగా, ఆఫ్రికా జట్లు మూకుమ్మడిగా వైదొలగినవి. ఈ త్యాగమున అధికభాగము ఘానాదే. దేశాధ్యక్షుడు ఎన్‌క్రూమా ప్రోత్సాహమున పెరిగిన ‘బ్లాక్ స్టార్స్’ 1963 లోను, 1965 లోను ఆఫ్రికా కప్పును గెలిచి, ఖండమున ఎదురులేని జట్టై వెలుగుచుండెను. ప్రపంచవేదికపై నిలుచు యోగ్యత ఎవరికి హెచ్చుగా నున్నదో, వారే ఆ వేదికను కాలదన్నిరి. ఆ యేడు ఇంగ్లండున ఆఫ్రికా జట్టొక్కటియు లేకున్నను, తొమ్మిది గోల్సుతో అందరిని మించినవాడు మొజాంబిక్‌లో పుట్టి, పోర్చుగల్ చొక్కా తొడిగిన యుసేబియో. 1970 నుండి ఆఫ్రికాకు తనదైన స్థానము లభించినది. మొరాకో మెక్సికోకు వెళ్ళినది.

వర్ణవివక్ష తొలగిన పిమ్మట దక్షిణాఫ్రికా తిరిగివచ్చి, 1996 లో స్వదేశముననే కప్పు గెలిచినది. మండేలా చూచుచుండగా తెల్లజాతివాడైన నీల్ టోవీ ఆ మిశ్రమ జట్టుకు కెప్టెనై కప్పు నెత్తినాడు.

ఇట్టి చరిత్ర గల పోటీకి నేడు వచ్చిన చిక్కు క్యాలెండరుది. పశ్చిమాఫ్రికాలో జూన్, జులై నెలలు కుండపోత వర్షముల కాలమగుటచే తరచుగా జనవరిలోనే ఆడవలసివచ్చును; అప్పుడు యూరపు లీగులు మంచి ఊపు మీద నుండును; తమ జీతగాండ్రను పంపుటకు అచ్చటి క్లబ్బులు ఏటేట సణుగుకొనుచునే యున్నవి. రెండేండ్ల కొకసారి జరుగుచున్న ఈ పోటీ, 2028 పిమ్మట నాలుగేండ్ల కొకసారి మాత్రమే జరుగునని, బదులుగా ఏటేట ఒక నేషన్స్ లీగు నడుపుదుమని 2025 డిసెంబరులో సమాఖ్య ప్రకటించినది. లీగు వలన ధనము సమకూరవచ్చును. ఆ మాట కాదనను. కాని 1993 ఏప్రిల్ 27 న గబోను తీరమున విమానము కూలి అందున్న జాంబియా ఆటగాండ్రందరును సముద్రము పాలైనప్పుడు, హాలెండులో నుండి వేరుగా పయనింపవలసిన కలూషా బ్వాల్యా మున్నగు కొందరు బ్రతికిపోయి, క్రొత్త కుర్రవాండ్రను కూర్చుకొని, ఏడాది తిరుగకమునుపే ట్యూనిస్‌లో ఫైనలు నాడిరి. నైజీరియా చేత 2-1 తో ఓడిరి గాని, దుఃఖములో మునిగిన దేశము తన జట్టు తిరిగి నిలబడుటను కన్నులార చూచుకొనెను. నాలుగేండ్ల కొకసారి వచ్చు పోటీయే యైనచో ఆ ప్రజలు రెండేండ్లు అదనముగా ఎదురుచూడవలసివచ్చెడిది. ఇంగ్లండు ఆహ్వానమునే వలదన్న సమాఖ్య, యూరపు క్లబ్బుల సౌకర్యమునకై తన పండుగను అరుదు చేసికొనుట తగదు. 2028 లోపుననే ఆ తీర్మానమును మరల చర్చకు తీసికొనవలెను.