కంట్లో ఇసుక పోసినట్టుందా?

కన్ను ఆరిపోయిందంటే నీళ్లు రావనుకుంటాం. తీరా చూస్తే చెంపలు తడిసేలా కారుతుంటాయి. పైనున్న తడి పొర చెదరగానే నల్లగుడ్డు నరాలు మండుతాయి, ఒక్కసారిగా నీళ్లు ఊరతాయి. వాటిలో నూనె పాలు తక్కువ కాబట్టి కంటిమీద నిలవవు.

ఆ నూనెనిచ్చే గ్రంథులు రెప్పల అంచున వరసగా ఉంటాయి. పైరెప్పలోనే 25 నుంచి 40 దాకా. 1666లో వాటిని వర్ణించిన జర్మన్ వైద్యుడు మైబోమ్ పేరే వాటికి స్థిరపడింది. నూనె గడ్డకడితే కాపడమే మందు. వేడినీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డను, ముందు మణికట్టుకు తాకించి చూసి, మూసిన రెప్పల మీద 5 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. గుడ్డ ఇట్టే చల్లారుతుంది, మళ్లీ మళ్లీ ముంచాల్సిందే. ఆపైన రెప్పను అంచువైపు మెల్లగా నిమరాలి. నందివర్ధనం పూలు పెట్టుకుంటే చల్లగా హాయిగానే ఉంటుంది. పసరు మాత్రం కంట్లో పిండకండి.

మామూలుగా నిమిషానికి 15 సార్లకు అటూఇటుగా రెప్ప వేస్తాం. చూపు ఒకచోట నిలిపితే అది సగానికి పడిపోతుంది. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద పోగు తెగిందా అని కనిపెట్టుకుని ఉండే కార్మికుడిదీ, ఫోన్ చూసే పిల్లాడిదీ ఒకటే బాధ. కార్ఖానాలో నూలు దుమ్ము అదనం.

కోరుట్ల వైపు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అక్కల వేళ్లకు తంబాకు పొడి అంటుకునే ఉంటుంది. కన్ను దురద పెడితే సబ్బుతో చేతులు కడిగాకే ముట్టుకోవాలి.

జగిత్యాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు ఎండ, ఇసుక గాలి. ఏళ్లు గడిస్తే తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు పైకి కండ పాకవచ్చు. పక్కలు కూడా మూసే చలువ అద్దాలు మేలు. ఇంట్లోనూ వాటిని తీయకపోతే కన్ను చీకటికి అలవాటుపడి, వెలుతురు మరింత గుచ్చుతుంది.

ధర్మపురి గోదావరిలో మునిగే ముందు కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. నీళ్లలో ఉండే అకాంతమీబా లెన్సు కింద చేరితే నల్లగుడ్డు పుండు పడి వెలుతురు చూడలేరు.

వరికోతల్లో వడ్ల ఊక గీరుకున్నా అంతే, బూజు పుండు రావచ్చు. నొప్పి, మసక, వెలుతురు పడకపోవడం కలిసొస్తే అదేరోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే ముందు ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల పుండు పెరుగుతుంది.