ఎలాస్టిక్‌సెర్చ్ క్లస్టరులో నోడ్ అనుసంధాన దోషాలు, పనుల నిర్వహణ

ఎలాస్టిక్‌సెర్చ్ అనేది అపాచీ లూసీన్ లైబ్రరీ ఆధారంగా రూపొందిన అన్వేషణ సాఫ్ట్‌వేరు. దీనిని షే బానన్ 2010లో విడుదల చేశాడు. ఇందులో సమాచారాన్ని షార్డులు అనే భాగాలుగా విభజించి పలు కంప్యూటర్లలో భద్రపరుస్తారు. ఒక్కొక్క కంప్యూటరులో నడిచే ఈ సాఫ్ట్‌వేరు ప్రతిని నోడ్ అనీ, నోడ్ల సమూహాన్ని క్లస్టరు అనీ అంటారు. 2021లో దీని లైసెన్సు మారిన తరువాత అమెజాన్ సంస్థ ఓపెన్‌సెర్చ్ అనే శాఖను ప్రారంభించింది. కింది విషయాలు చాలావరకు దానికి కూడా వర్తిస్తాయి.

అనుసంధాన దోషాలు

నోడ్ సాధారణంగా రెండు పోర్టులను వాడుతుంది. వినియోగదారుల అభ్యర్థనలు 9200 పోర్టుకు వస్తాయి. నోడ్లు తమలో తాము 9300 పోర్టు ద్వారా సంభాషిస్తాయి. 9200 పోర్టు నుండి సమాధానం రాగానే నెట్‌వర్కు సవ్యంగా ఉందని భావించడం తరచుగా జరిగే పొరపాటు. ఫైర్‌వాల్ 9300ను అడ్డగిస్తే నోడ్ విడిగా చక్కగా పనిచేస్తూనే క్లస్టరులో చేరలేకపోతుంది. అమరికలు మార్చనంతవరకు నోడ్ తన సొంత కంప్యూటరు లోపలి చిరునామాకే, అనగా 127.0.0.1కే, పరిమితమై ఉంటుంది. కనుక ఇతర నోడ్లు దానిని చేరలేవు. కంటైనర్లలో నడిపేటప్పుడు నోడ్ ప్రకటించే చిరునామా బయటివారికి అందనిదై ఉండటం కూడా ఇటువంటిదే.

నోడ్‌కు ఇవ్వబడిన గుర్తింపు సంఖ్య దాని డేటా ఫోల్డరులోనే ఉంటుంది. కాబట్టి ఒక కంప్యూటరును యథాతథంగా నకలు చేసి రెండవ నోడ్‌గా నడిపితే, ఆ గుర్తింపు గల నోడ్ ఇప్పటికే ఉందని క్లస్టరు దానిని తిరస్కరిస్తుంది. గతంలో వేరొక క్లస్టరులో చేరిన నోడ్‌ను కూడా ఇలాగే నిరాకరిస్తుంది. ఈ రెండు సందర్భాలలోనూ డేటా ఫోల్డరును తొలగించమనే సలహా తరచుగా వినిపిస్తుంది. నకలు చేసిన ఖాళీ నోడ్ విషయంలో అది సరైనదే. కానీ ఏదైనా షార్డుకు ఉన్న ఏకైక ప్రతి ఆ ఫోల్డరులోనే ఉంటే, తొలగించిన సమాచారం బ్యాకప్ లేనిదే తిరిగి రాదు. అందువలన ముందు క్లస్టరు స్థితిని చూడాలి. పసుపు రంగు కొన్ని నకలు షార్డులు లేవని, ఎరుపు రంగు కనీసం ఒక ప్రధాన షార్డు అందుబాటులో లేదని సూచిస్తాయి. ఎరుపు కనిపించినపుడు ఏ ఫోల్డరునూ తాకరాదు.

మాస్టర్ నోడ్ మిగిలిన నోడ్లను సెకనుకొకసారి పరీక్షిస్తుంది. వరుసగా మూడు పరీక్షలు విఫలమైతే, ఒక్కొక్కదానికి 10 సెకన్ల గడువు తరువాత, ఆ నోడ్‌ను తొలగిస్తుంది. నెట్‌వర్కు బాగానే ఉన్నా, జావా మెమరీ శుద్ధి కోసం నోడ్ చాలాసేపు స్తంభించినపుడు ఇలా జరగవచ్చు. తొలగిన నోడ్‌లోని నకళ్ళను వేరొకచోట నిర్మించే ముందు క్లస్టరు 1 నిమిషం వేచి ఉంటుంది. పెద్ద క్లస్టర్లలో మరమ్మతుకు ముందు ఈ వ్యవధిని పెంచుకోవడం మేలు.

మాస్టర్ ఎన్నికకు అర్హత గల నోడ్లలో సగానికి మించినవి అవసరం. మూడింటిలో ఒకటి పోయినా క్లస్టరు నడుస్తుంది. రెండే ఉంటే ఆ భద్రత లేదు. 2019లో వచ్చిన 7.0 సంచికకు ముందు ఈ కనీస సంఖ్యను నిర్వాహకుడే అమర్చవలసి వచ్చేది. దానిని 1గా వదిలివేస్తే, నెట్‌వర్కు తెగినపుడు ఇద్దరు మాస్టర్లు ఏర్పడి, ఒకవైపు వ్రాసిన సమాచారం నష్టపోయేది.

పనుల నిర్వహణ

రీఇండెక్స్ వంటి దీర్ఘమైన పనులను నేపథ్యంలో నడపవచ్చు. అపుడు క్లస్టరు ఒక పని సంఖ్యను ఇస్తుంది. ఇందులో మొదటి భాగం పనిని నడిపే నోడ్ గుర్తింపు, రెండవది వరుస సంఖ్య. కనుక ఆ నోడ్ క్లస్టరును వీడితే పని కూడా ఆగిపోతుంది, మరొక నోడ్ దానిని కొనసాగించదు. అప్పటివరకు నకలైన పత్రాలు మాత్రం కొత్త ఇండెక్సులో మిగిలిపోతాయి. సగం నిండిన ఆ ఇండెక్సును పూర్తయినదిగా భ్రమపడకుండా, పత్రాల సంఖ్యను పోల్చి చూడాలి.

అన్ని పనులనూ రద్దు చేయలేము. రద్దుకు వీలున్నదీ లేనిదీ పనుల జాబితాలోనే కనిపిస్తుంది. రద్దు ఆదేశం ఇచ్చిన వెంటనే పని ఆగకపోవచ్చు, చేతిలో ఉన్న విడత ముగిసేవరకు కొనసాగవచ్చు. రీఇండెక్స్ వలన క్లస్టరు మందగిస్తే, రద్దు చేయకుండా దాని వేగాన్ని నడుస్తుండగానే తగ్గించవచ్చు.

వేచి ఉన్న పనుల జాబితా దీనికి భిన్నమైనది. అందులో ఉండేవి ఇండెక్సు సృష్టి, షార్డుల కేటాయింపు వంటి మార్పులు. వీటిని మాస్టర్ నోడ్ ప్రాధాన్యాన్ని బట్టి చేపడుతుంది. ఈ వరుస పెరుగుతూనే ఉంటే మాస్టర్‌పై భారం అధికమైనదని అర్థం. షార్డులు మితిమీరి ఉండటం, నోడ్లు పదేపదే విడిపోయి చేరుతుండటం ఇందుకు సాధారణ కారణాలు.