బస్సులో ఎందరు? ప్రయాణికుల లెక్క

కరీంనగరు బస్ స్టేషనులో కొన్ని సీట్లు ఖాళీగా బయలుదేరిన పల్లెవెలుగు బస్సు, జగిత్యాల చేరుసరికి కాలు పెట్ట సందు లేకుండ నిండియుండవచ్చును. ఆ బస్సులో ఎందరు ప్రయాణము చేసినట్లు? ప్రశ్న చిన్నదే. కాని దేనిని లెక్కించితిమి, ఎక్కడ లెక్కించితిమి అనుదానిని బట్టి జవాబు మారును. ఆ జవాబును బట్టియే ఒక ఊరికి రెండవ బస్సు వచ్చుటయో, ఉన్న ఒక్క బస్సు నిలిచిపోవుటయో జరుగును.

హైదరాబాదు సంస్థానమున 1932 జూన్‌లో నిజాం రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. రాష్ట్ర విభజన పిమ్మట తెలంగాణకు వేరు సంస్థ వచ్చినది. ఈ కాలములో చాల భాగము లెక్క అంతయు కండక్టరు చేతిలోని కాగితపు టిక్కెట్లతోనే సాగినది. ఒక్కొక్క ధరకు ఒక్కొక్క కట్ట. ప్రతి టిక్కెట్టు మీద వరుస సంఖ్య. స్టేజి రాగానే కండక్టరు కట్ట పైనున్న సంఖ్యను పట్టికలో వ్రాసికొనును. ఒక స్టేజిలో 214, తరువాతి స్టేజిలో 231 ఉన్నచో, ఆ నడుమ 17 టిక్కెట్లు అమ్ముడైనవన్న మాట. పైకము సరిచూచుటకు పుట్టిన ఈ పద్ధతి ప్రయాణికుల లెక్కను గూడ ఇచ్చినది. ఇప్పుడు ఆ పనిని చేతిలో ఇమిడెడు టిక్కెట్టు యంత్రము చేయుచున్నది.

ఒక ఉదాహరణము చూడుడు. లెక్క సులభమగుటకు అంకెలు ఊహించినవి. 50 సీట్ల బస్సు కరీంనగరులో 40 మందితో బయలుదేరినది. 20 కిలోమీటర్ల దూరమున గంగాధరలో 15 మంది దిగి 10 మంది ఎక్కిరి. బస్సులో 35 మంది ఉన్నారు. మరి 15 కిలోమీటర్లు పోయిన పిమ్మట కొండగట్టు వద్ద 10 మంది దిగి 50 మంది ఎక్కిరి; ఇప్పుడు 75 మంది. ఇంకొక 15 కిలోమీటర్లకు జగిత్యాలలో అందరును దిగిరి.

ఎక్కినవారు మొత్తము 100 మంది. ఇది మొదటి కొలత. కాని 20 కిలోమీటర్లు పోయినవానిని, 50 కిలోమీటర్లు పోయినవానిని ఒక్కటిగా చూచుట చాలదు. కావున ప్రతి భాగములోని జనసంఖ్యను ఆ భాగపు దూరముచే గుణించి కూడవలెను: 800, 525, 1125, మొత్తము 2450 ప్రయాణిక కిలోమీటర్లు. 50 సీట్లు 50 కిలోమీటర్లు తిరిగినవి గనుక సీటు కిలోమీటర్లు 2500. మొదటిదానిని రెండవదానిచే భాగించగా వచ్చు 98 శాతమే ఆక్యుపెన్సీ రేషియో, అనగా సీట్ల నిండుదల. ఇది రెండవ కొలత.

98 శాతము అనగానే అందరికిని సీట్లు సరిపోయినవని తోచును. కాని చివరి 15 కిలోమీటర్లు 25 మంది నిలబడియే ప్రయాణము చేసిరి! సగటు ఆ సంగతిని దాచినది. అందుచేత మూడవ కొలత అవసరము: దారిలో ఎక్కడ జనము అత్యధికము, ఎందరు? ఇది ప్రాణములకు సంబంధించిన కొలత. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటురోడ్డు మీద బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. ఆ బస్సు సీట్ల సంఖ్యను బాగుగా మించిన జనమును మోయుచుండెను. ఒక డిపో సగటు ఎంత చక్కగా ఉన్నను, ఒక బస్సులో ఒక గంటలో ఉన్న ఒత్తిడిని అది చెప్పజాలదు.

ఇక టిక్కెట్టుకు అందని వారి సంగతి. పై ఉదాహరణమున కొండగట్టు వద్ద ఎక్కినవారిలో 30 మంది పాసులున్న విద్యార్థులనుకొనుడు. టిక్కెట్లను మాత్రమే లెక్కించినచో 450 ప్రయాణిక కిలోమీటర్లు తగ్గిపోవును. నిండుదల 80 శాతముగా కనబడును. నిజముగా కిక్కిరిసిన బస్సు కాగితము మీద తేలికయగును. కాలేజీకి పోవు పిల్లలే ఎక్కువగా ఎక్కు బస్సునకు ఇది పెద్ద అన్యాయము. పాసుకు నెలకు ఇన్ని ప్రయాణములని అంచనా కట్టి కలుపవచ్చును; కాని సెలవులలో ఆ అంచనా తప్పును.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కలిగినది. అయినను కండక్టరు వారికి జీరో టిక్కెట్టు ఇచ్చును. పైకము లేని టిక్కెట్టు ఎందుకని అడుగవచ్చును. అది ఛార్జీకి రసీదు కాదు, లెక్కలో ఒక గీత. ఆ టిక్కెట్టు తీసికొననిచో ఆమె ప్రయాణము లెక్కకు రాదు. ప్రభుత్వము సంస్థకు చెల్లించవలసిన సొమ్మునకును ఆధారముండదు. మరియొక సంగతి: ఉట్నూరు నుండి ఆదిలాబాదు వచ్చి, బస్సు మారి నిర్మలు పోయిన స్త్రీ ఒక్కతెయే, టిక్కెట్లు రెండు. కావున "రోజుకు ఇన్ని లక్షలమంది" అన్నప్పుడు అవి మనుషుల సంఖ్య కాక ప్రయాణముల సంఖ్యయని గ్రహించవలెను.

లండన్ నగరపు బస్సులలో ఎక్కునప్పుడు మాత్రమే కార్డు తాకింతురు. ఎక్కడ దిగిరో తరువాతి ప్రయాణమును బట్టి ఊహించవలెను. సింగపూరులో దిగునప్పుడు గూడ తాకింతురు. ఎక్కిన చోటును, దిగు చోటును గుర్తించు మన కండక్టరు టిక్కెట్టు ఈ విషయమున లండన్ కార్డు కంటె ఎక్కువ చెప్పును. కొన్ని దేశములలో తలుపు వద్ద పరారుణ కిరణములు, మరికొన్నిచోట్ల కెమెరాలు తలలను లెక్కించును. వీనికి పాసు, టిక్కెట్టు అను భేదము లేదు. కాని తోపులాటలో ఇద్దరిని ఒక్కరిగా ఎంచవచ్చును. అందుచే అప్పుడప్పుడు మనిషి కంటితో సరిచూడక తప్పదు.

ఏ దినము లెక్కించితిమి అనునదియు ముఖ్యమే. శివరాత్రికి వేములవాడ దారిలోను, పుష్య అమావాస్యకు కేస్లాపూరు నాగోబా జాతర దారిలోను లెక్కించి ఏడాదికంతకు అన్వయింపరాదు. అంగడి దినము, బడి దినము, సెలవు దినము వేరువేరుగా లెక్కింపవలెను.

ఉన్నత పాఠశాల విద్యార్థులు దీనిని స్వయముగా చేసి చూడవచ్చును. ఊరి బస్ స్టాపు వద్ద క్షేమమైన చోట నిలబడి, ఒక తలుపునకు ఒకరు చొప్పున ఎక్కినవారిని, దిగినవారిని వారము దినములు వ్రాసికొనవలెను. పాసులవారిని, చంకలోని పిల్లలను విడువరాదు. బస్సు వేళ, తేది మరువరాదు. తమ ఊరికి మరియొక బస్సు కావలెనని డిపో మేనేజరుకు అర్జీ పెట్టు గ్రామస్థులకు ఆ పట్టిక గట్టి ఆధారము కాగలదు.