ఎడారిలో వాననీటి సేద్యము

ఎడారి యనగానే మన పిల్లలకు ఇసుకతిన్నెలును ఒంటెలును తోచును. భూగోళ పుస్తకములోని బొమ్మ అట్టిది. ఇస్రాయేలు దేశపు దక్షిణభాగమందలి నెగెవ్ ఎడారిలో, అవ్దాత్ అను పాడుపడిన పట్టణము చుట్టును ఉన్నది ఇసుక కాదు. బోడి రాతిగుట్టలు, వాని నడుమ గాలి మోసికొనివచ్చి పరచిన మెత్తని మన్ను. అచ్చట ఏటి వర్షము సగటున 100 మిల్లీమీటర్లకు మించదు. వానలేమికి పేరుపడిన మన అనంతపురము జిల్లాలో సైతము 550 మిల్లీమీటర్ల వరకు కురియును.

అట్టి చోట ప్రాచీనులు సేద్యము చేసిరి. సుమారు రెండువేల యేండ్ల క్రిందట పెట్రా నుండి గాజా రేవునకు సాంబ్రాణి మొదలగు సుగంధద్రవ్యములను తరలించిన నబతీయ వర్తకులు ఈ మజిలీని నెలకొల్పిరి. తరువాత బైజాంటియము వారి కాలమున చుట్టుపట్ల ద్రాక్షతోటలు వర్ధిల్లినవి. ద్రాక్షరసము తీసిన రాతితొట్లు నేటికిని కానవచ్చును. ఏడాది పొడవున పారు ఏరు ఒక్కటియు లేదు. మరి నీరెక్కడిది? ఆ కాలమున వానలే ఎక్కువయని కొందరు పండితులు తలంచిరి.

ఈ చిక్కును విప్పుటకు పూనుకొన్నవాడు జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞుడు మైకేల్ ఎవెనారి. యూదుడన్న కారణముచే 1933లో జర్మనీలో ఉద్యోగము కోల్పోయి వలసవచ్చినవాడు. గ్రంథములు తిరుగవేయుటతో తృప్తి పడక, ఆయనయు, లెస్లీ షనాన్ అను జలశాస్త్ర నిపుణుడును, నఫ్తాలీ తద్మోర్ అను సహచరుడును 1958, 1959 సంవత్సరములలో షివ్తా, అవ్దాత్ గ్రామశిథిలముల చెంత పాత పొలములను మరల కట్టి సాగుచేయ నారంభించిరి. గొట్టపు నీరు తెచ్చి పారించినచో ప్రశ్నకు జవాబు దొరకదు. కావున కురిసిన వానయే పంటకు ఆధారము కావలెనని నియమము పెట్టుకొనిరి.

రహస్యమంతయు ఆ మన్నులోనే ఉన్నది. నాలుగు చినుకులు పడగానే దానిపై పొర గట్టిపడి, నీరు లోని కింకక పల్లమునకు జారును. ఎడారికి శాపమనిపించు ఈ గుణమునే పూర్వులు వరముగా మలచుకొనిరి. ఒక యెకరము పొలమునకు ఇరువది ముప్పది యెకరముల గుట్టవాలు కేటాయించి, ఆ నీటిని రాతికాలువలతో మడులలోనికి దింపిరి. లెక్క సులభము. 20 ఎకరములపై 100 మిల్లీమీటర్ల వాన కురిసి, అందు ఆరవవంతు జారివచ్చినను, ఆ యెకరమునకు 330 మిల్లీమీటర్లు అదనముగా దక్కును. తనపై నేరుగా పడినదానితో కలిసి అది 430. ఇంచుమించు అనంతపురపు లోటు సంవత్సరమంత! అడ్డుగోడలవలన ఒక మడి నిండి, నేల తాగిన పిమ్మట మిగులు నీరు క్రింది మడికి దూకును. వాతావరణము మారెనని ఊహింప పనిలేకపోయినది.

బాదము, పిస్తా, నేరేడువలె చిన్నవికాని జల్దరు, పీచు పండ్ల చెట్లు, ద్రాక్ష, యవలు ఆ మడులలో పెరిగినవి. 1962-63లో వాన సగటులో సగమైనను కురియలేదు. అయినను తోట నిలిచినది.

అన్ని చిక్కులును విడిపోయెనని కాదు. గుట్టవాలులపై వరుసలుగా రాళ్ళకుప్పలు కలవు. బెదువీనులు వీనిని 'ద్రాక్షకుప్పలు' అందురు. వానిపై తీగలు నాటిరని ఒక వాదము. మట్టి కొట్టుకొనివచ్చి పొలములలో చేరుటకై రాళ్ళేరిరని మరియొకటి. ఎవెనారి బృందము కొంత వాలును శుభ్రపరచి కొలిచి చూడగా, రాళ్ళు తీసినచోట నీరు ఎక్కువగా జారినది. నాకు ఇదియే సమంజసముగా తోచుచున్నది గాని, పండితుల వివాదము ముగియలేదు.

1971లో బీర్షెబాకు దక్షిణమున వాదీ మషాష్ అనుచోట మరియొక ప్రయోగక్షేత్రము వెలసినది. అది తరువాత బెన్-గురియన్ విశ్వవిద్యాలయపు పరిశోధనలకు నెలవైనది. అచ్చట ఒక్కొక్క చెట్టునకు ఒక్కొక్క చిన్న గట్టుకట్టిన పరివాహకస్థలమును ఇచ్చి చూచిరి. చెడిన నేలను బాగుచేయుటకు ఈ పద్ధతి ఖర్చు తక్కువది. అయితే ఎడారి నంతయు తోటగా మార్చబూనుట వివేకము కాదని జీవశాస్త్రజ్ఞులు హెచ్చరింతురు. ఆ గట్టిపొర వట్టి మన్ను కాదు. నాచును సూక్ష్మజీవులును అల్లుకొన్న ప్రాణమున్న చర్మము. పశువుల గిట్టలకు, నాగళ్ళకు అది చితికినచో నేల గాలికి లేచును. చితికిన పొర మరల ఏర్పడుటకు ఏండ్లు పట్టును.

కష్టము మరియొకటి కలదు. వరదకు గోడ ఒక్కచోట తెగినను నీరు ఆ గండిననే త్రవ్వుకొనిపోయి మడిని వాగుగా చేయును. కావున ప్రతి వరద పిమ్మట గోడలను కలయజూచి, రాళ్ళు పేర్చవలెను. కూలి ప్రియమైన దేశములో ఇది లాభసాటి కాదు. పట్టణములు పాడుపడిన పిదప అనేక మడులు ఇట్లే గండిపడి వాగులలో కలిసినవి. గోడలు నిలిచిన కొన్ని మడులలో మాత్రము, వాననీరు చేరిన యేట, బెదువీనులు యవలు చల్లుకొనుచు వచ్చిరి.