ఇంటిపట్టున పట్టు: పక్క చేను మందుతోనే పేచీ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పేర్లు చెబితే వరి పొలాలు, రైసు మిల్లులే గుర్తుకు వస్తాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి ఇక్కడి రైతు వరినే నమ్ముకున్నాడు. అయితే కాలువ ఎల్లకాలం ఒక్క తీరున ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన భారీ వర్షాలకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద ఎడమ కాలువకు గండి పడింది. ఇటువంటి కష్టకాలంలో బోరు కింద ఎకరం మల్బరీ వేసి, పట్టుపురుగులు పెంచుకునే కుటుంబానికి కొంత ఆసరా ఉంటుంది.

మల్బరీకి వరి కంటే నీరు చాలా తక్కువ. ఒకసారి నాటిన తోట 15 ఏళ్ల దాకా ఆకు ఇస్తుంది. ఏడాదికి అయిదారు పంటలు తీయవచ్చు.

గుడ్డు పగిలింది మొదలు గూడు కట్టే దాకా పట్టేది 24 నుంచి 28 రోజులే. ఈలోగా పురుగు నాలుగుసార్లు మేత మాని కుబుసం విడుస్తుంది. దీనినే రైతులు జ్వరం అంటారు. మొత్తం మేతలో నూటికి 80 పాళ్లు నాలుగో జ్వరం తర్వాతి వారంలోనే ఖర్చవుతుంది. ఆ వారం ఇంటిల్లిపాదీ ఆకు కోతలోనే ఉండాలి. పండిన పురుగులను చంద్రికల మీదకు ఎక్కిస్తే రెండు మూడు రోజుల్లో గూడు కడతాయి. మేలురకం గూటి నుంచి సుమారు కిలోమీటరు దారం వస్తుంది. వంద తల్లి పురుగులు పెట్టిన గుడ్లను, అంటే 40 నుంచి 50 వేల పురుగులను, జాగ్రత్తగా సాకితే 60 కిలోల దాకా గూళ్లు దిగుతాయి.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా చుట్టుపక్కల ఉంది. వరి, పత్తి, మిరప చేలపై కొట్టే పురుగుమందు గాలికి వచ్చి మల్బరీ ఆకుపై పడితే, ఆ ఆకు తిన్న పురుగులు రోజు తిరగకుండానే గుట్టలుగా చస్తాయి. మందు కొట్టిన రైతుకు ఆ సంగతి తెలియనైనా తెలియదు. పొగాకు ఘాటు కూడా వీటికి విషమే. కనుక తోట వేయక ముందే గట్టు పక్క రైతుతో మాట్లాడుకోవడం, మందు కొట్టే రోజు ముందుగా చెప్పించుకోవడం అవసరం.

రెండో శత్రువు ఎండ. పురుగుకు 24 నుంచి 28 డిగ్రీల చల్లదనం కావాలి. ఇక్కడి మే నెల ఎండ 40 దాటుతుంది. షెడ్డుపై గడ్డి కప్పి, తడి గోనెలు కట్టినా ఆ నెల పంట మానుకోవడమే మేలు. వంటింట్లో, పడకింట్లో పెంపకం పనికిరాదు. వేరే షెడ్డు ఉండాలి. పంట పంటకూ బ్లీచింగ్ పొడితో దానిని శుభ్రం చేయాలి.

పెబ్రిన్ రోగం తల్లి నుంచే గుడ్డుకు వస్తుంది. అందువల్ల పరీక్షించిన రోగరహిత గుడ్లనే తీసుకోవాలి. 1980లో దక్షిణాదికి చేరిన ఊజీ ఈగను ఆపడానికి కిటికీలకు దోమతెర తప్పదు.

పోచంపల్లి దగ్గరే కదా, అమ్మకానికి కొదవేమిటని అనుకోరాదు. అక్కడి మగ్గానికి కావలసింది దారం గాని గూడు కాదు. గూళ్లను లోపలి పురుగు చిలుకై బయటపడక ముందే మార్కెట్టుకు చేర్చాలి. చిల్లుపడిన గూటికి ధర పలకదు. అందుచేత కొత్తవారు ఉద్యాన, పట్టు పరిశ్రమ శాఖ కార్యాలయంలో గుడ్లు, మార్కెట్టు వివరాలు విచారించి, తొలి పంట కొద్ది గుడ్లతోనే మొదలుపెట్టడం క్షేమం.