మూలమొకటి, ప్రతులు పెక్కు

ఒకే గ్రంథమునకు పది వ్రాతప్రతులు లభించినప్పుడు దేనిని ప్రమాణముగా గ్రహించవలెనన్నది పండితులకు పాత సమస్య. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులకు జీతములిచ్చి, ప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించిన సంగతి తెలుగువారెరుగుదురు. గ్రంథము కవిది, పాఠకుని చేతికి వచ్చునది మాత్రము పరిష్కర్త సిద్ధము చేసిన ప్రతి. అట్టి సమస్యయే నేడు వేరొక రూపమున ఇంటి బల్లమీది ల్యాప్‌టాప్‌నకు వచ్చినది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చుచుండిన సాధారణ మద్దతు ముగిసినది. కొంతకాలపు పొడిగింపు ఏర్పాటు వేరు. విండోస్ 11 కోరు టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు గాని, తగిన ప్రాసెసరు గాని లేని యంత్రములు లెక్కకు మిక్కిలిగా మిగిలిపోయినవి. అవి చెడిపోయినవి కావు. తెర వెలుగుచునే యున్నది, మీటలు పనిచేయుచునే యున్నవి. లోపలి వ్యవస్థకు మరమ్మతు చేయువారే కరవైరి. అట్టి యంత్రమును పాత సామానులవానికి అప్పగించుటకు ముందు, పలువురు లినక్స్ వైపు చూచుచున్నారు. చూచిన వెంటనే కలవరపడుచున్నారు. ఏలయన లినక్స్ ఒకటి కాదు, వందలకొలదిగా నున్నవి.

ఇన్ని యెట్లు వచ్చినవి? 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ వ్రాసి లోకమున కిచ్చినది కెర్నెల్ మాత్రమే. అది యంత్రభాగములకును ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని జరిపించు అంతర్భాగము. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రణాళిక నుండి తక్కిన ఉపకరణములు పెక్కు లభించినవి. వీటినన్నిటిని కూర్చి, పరీక్షించి, సామాన్యుడు స్థాపించుకొనుటకు వీలుగా అందించు కూర్పునకే డిస్ట్రిబ్యూషన్ అని పేరు. తెలుగున పంపిణీ యనవచ్చును. స్లాక్‌వేర్, డెబియన్ 1993లో పుట్టినవి. ఆర్చ్ 2002లోను, ఫెడోరా 2003లోను, ఉబుంటు 2004లోను, మింట్ 2006లోను వచ్చినవి. డెబియన్ నుండి ఉబుంటు, ఉబుంటు నుండి మింట్ శాఖలుగా వెలువడినవి.

క్రొత్తగా వచ్చువారు తరచుగా ముఖమును చూచి ఎన్నుకొందురు. ఆ ముఖమునకు గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని పేర్లు. జ్ఞాపకశక్తి తక్కువగా నున్న పాత ల్యాప్‌టాప్‌నకు ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికయైనది మేలు. కావున ఈ విచారణ వ్యర్థము కాదు. కాని ముఖము వస్త్రము వంటిది. పేరుగల పంపిణీలలో ఏది గ్రహించినను వస్త్రమును పిమ్మట మార్చుకొనవచ్చును. పరిష్కర్తను మార్చుట అంత సులభము కాదు. యంత్రమును తుడిచి మరల స్థాపించవలసి వచ్చును. కనుక ముందు చూడవలసినది పరిష్కర్త స్వభావము.

ఒక్కొక్కరిది ఒక్కొక్క నడక. డెబియన్ వారు సుమారు రెండేండ్ల కొకమారు క్రొత్త కూర్పు వెలువరించి, మూడేండ్లు పూర్తిగాను, మరి రెండేండ్లు దీర్ఘకాల మద్దతుగాను సవరణలు అందింతురు. ఉబుంటు దీర్ఘకాలపు కూర్పు రెండేండ్ల కొకసారి ఏప్రిల్ మాసమున వచ్చి ఐదేండ్లు నిలుచును. మింట్ దానిపై ఆధారపడినది. ఫెడోరా ఆరు మాసములకు మారును. ఒక్కొక్క కూర్పునకు పదమూడు మాసముల ఆయువు. ఆర్చ్‌నకు కూర్పులే లేవు, అది నిత్యప్రవాహము. నిన్ననే కొన్న ల్యాప్‌టాప్‌లోని భాగములను గుర్తించుటకు ఫెడోరా వంటి నూతన కెర్నెల్ గలది అక్కరకు వచ్చును. ఐదేండ్ల పాత యంత్రముపై ఉత్తరములు, పాఠములు వ్రాసుకొనువానికి మింట్ గాని డెబియన్ గాని చాలును. యంత్రము లోపలి మర్మములు నేర్వగోరు విద్యార్థికి ఆర్చ్ మంచి గురువు. రేపు ఉదయమే పని అప్పగించవలసినవానికి కాదు.

పరిష్కర్త ఎన్నాళ్లుండునన్నది మరియొక ప్రశ్న. 1998లో పుట్టిన మాండ్రేక్ ఒకప్పుడు గృహోపయోగమునకు పేరు పొందినది. పిమ్మట మాండ్రివాగా మారిన ఆ సంస్థ 2015లో మూతపడినది. అయినను అందు పనిచేసిన వారు 2010లోనే మాజియా అను పేర దాని నుండి క్రొత్త శాఖను ప్రారంభించి యుండిరి. సర్వర్లలో విరివిగా వాడబడిన సెంటాస్ 8 2029 వరకు నిలుచునని నమ్మినవారికి, 2021 చివరనే ముగియునని 2020 డిసెంబరులో ప్రకటన వచ్చినది. రాకీ, ఆల్మా అనునవి ఆ స్థానమును పూరించినవి. మూలము బహిరంగముగా నుండుటచేత గ్రంథము నశింపలేదు. కాని నమ్ముకొన్నవారు ఇల్లు మారవలసి వచ్చినది. 1997లో వ్రాసుకొన్న సామాజిక ఒప్పందమునకు కట్టుబడి, ఏటేట నాయకుని ఎన్నుకొను డెబియన్ వంటి సమష్టి వ్యవస్థకు గౌరవము కలుగుటకు ఇదియే కారణము.

ల్యాప్‌టాప్‌నకు ప్రత్యేకమైన చిక్కు వైఫై. దానిని కదిలించు ఫర్మ్‌వేర్ స్వేచ్ఛాసాఫ్ట్‌వేర్ కాకపోవుటచే డెబియన్ అధికారిక ప్రతిలో చిరకాలము చేర్చలేదు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుండి చేర్చుచున్నారు. ఇక తెలుగువారికి వేరొక పరీక్ష కలదు. తెరపై స్త్రీ, జ్యోత్స్న, లక్ష్మి అను పదములు ఒత్తులు చెదరక కనబడవలెను. ఇన్‌స్క్రిప్ట్ మీటల వరుస సులభముగా అమరవలెను. నేటి ప్రధాన పంపిణీలలో హార్ఫ్‌బజ్ అను అక్షర సంయోజకము, లోహిత్, నోటో తెలుగు ఖతులు లభించుటచే ఈ పని నెరవేరుచున్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు పలుకు లినక్స్ పంపిణీనే సిద్ధము చేసి చూపినది.

ఇవన్నియు చదివి నిశ్చయింపనక్కరలేదు. పెన్‌డ్రైవ్ నుండి నడిపినచో హార్డ్‌డిస్క్‌ను తాకకయే వైఫై, శబ్దము, తెలుగు అక్షరము, మూత వేసి తెరచిన పిమ్మట మేల్కొనుట ఒక సాయంకాలములో పరీక్షింపవచ్చును. స్థాపించుటకు ముందు దస్త్రములను వేరొకచోట భద్రపరచుకొనుట విధి. రెండు పంపిణీలు సమానముగా తోచినచో, పిలిచిన పలుకు మిత్రుడు దేనిని వాడుచున్నాడో దానినే గ్రహించుట ఉత్తమము. తెర నల్లబడిన రాత్రి అక్కరకు వచ్చునది ఆ మిత్రుడే.