బస్సెక్కితే... భీమిలి!

కారు లేదని సముద్రం షికారు మానుకోనక్కర్లేదు. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి భీమిలికి సిటీ బస్సు చాలు. ఆంధ్రప్రదేశ్ మహిళలకైతే 2025 ఆగస్టు 15 నుంచి ఆ బస్సులో టికెట్టు ఛార్జీ కూడా లేదు. గుర్తింపు కార్డు మరవకుండా ఉంటే సరి. ఇక ఖర్చల్లా అయ్యగారిదే!

ఎక్కేముందు ‘బీచ్‌రోడ్డు మీదుగానేనా?’ అని అడగండి. కొన్ని బస్సులు మధురవాడ వైపు నుంచి వెళ్తాయి, వాటిలో సముద్రం కనిపించదు. బీచ్‌రోడ్డు బస్సయితే కుడివైపు కిటికీ పట్టాల్సిందే. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ... అన్నీ దారిలోనే.

భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. పదిహేడో శతాబ్దంలోనే డచ్చివాళ్లు వ్యాపారానికి ఇక్కడ దిగారు. తీరానికి దగ్గర్లోనే వాళ్ల సమాధులున్నాయి. ఎత్తుగా, మొనదేలి, మన ఊళ్లలో ఎక్కడా కనిపించని తీరులో ఉంటాయవి. పలకల మీది అక్షరాల్ని పిల్లల చేత వెతికించండి, గంట ఇట్టే గడిచిపోతుంది. ఓపికుంటే బౌద్ధారామ శిథిలాలున్న పావురాళ్లకొండ ఎక్కొచ్చు.

గోస్తని సముద్రంలో కలిసేచోట నీళ్లు నెమ్మదిగా కనిపిస్తాయి. నమ్మకండి! ఈ తీరమంతా లోపలికి లాగేసే అలలే. పిల్లల్ని పాదాలు తడిసేవరకే పోనివ్వండి.

పులిహోర, పెరుగన్నం ఇంటినుంచే కట్టుకెళ్తే హోటల్ ఖర్చు తప్పుతుంది. ఊళ్లో దిగగానే ఆఖరి బస్సు వేళ కనుక్కోండి. అది తప్పితే మిగిల్చిందంతా ఆటోకే!